ఐసుపెట్టెను ఎంచుకొను విధము

చైత్రము గడచి వైశాఖము ప్రవేశించుసరికి మన పల్లెలలో మంచుగడ్డకు గిరాకి హెచ్చును. చేపల చెఱువు గల రైతు పట్టిన చేపను సంతకు చేర్చుటకును, కోళ్లు, గొఱ్ఱెలు పెంచువారు టీకామందులను పట్టణమునుండి తెచ్చుకొనుటకును, పెండ్లి తలపెట్టిన ఇంటివారు మజ్జిగ, పానకము చల్లబఱచుటకును మంచుగడ్డనే ఆశ్రయింతురు. ఫ్యాక్టరీ కడ కొన్న గడ్డను గోనెలో చుట్టి బండిమీద ఇల్లు చేర్చునప్పటికి అందులో చాలభాగము దారిపాలగుట అందఱెఱిగిన సంగతియే. ఈ నష్టమును తగ్గించుకొనుటకై ఇప్పుడు పలువురు ఐసుపెట్టెలు కొనుచున్నారు. మన సంఘ సభ్యులలో కొందఱు "ఏ పెట్టె కొనవలెను?" అని నన్నడిగియున్నారు. ఒక్కొక్కరికి వేఱువేఱుగ చెప్పుటకంటె అందఱికిని ఒక్కసారి చెప్పుట మేలని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ విషయమున నేను మొదటినుండియు తెలిసినవాడను కాను. తప్పు చేసి నేర్చుకొన్నవాడను. ఆ తప్పువలన కలిగిన నష్టము నాది కాదు, మఱియొకరిది. కావున దానిని దాచక ముందుగా చెప్పుట న్యాయము.

కొన్ని సంవత్సరముల క్రిందట, మే నెలలో, డెల్టాలోని ఒక గ్రామమున నాటుకోళ్లకు కొక్కెర తెగులు రాకుండ టీకా వేయించుటకు ఏర్పాటు జరిగెను. టీకా వేయువారు పశువైద్యశాఖవారు. పట్టణమునుండి మందు తెచ్చు పని నాది. అందులకై నేనొక పెట్టెను కొంటిని. చూచుటకది మిక్కిలి సొగసుగా నుండెను. నిగనిగలాడు నీలిరంగు, రెండు ప్రక్కల పిడులు, మూతకు గొళ్లెము. "రెండు రోజులు ఐసు నిలుస్తుందండీ" అని దుకాణదారుడు చెప్పెను. నేను మఱియొక ప్రశ్న వేయలేదు. ఉదయము 7 గంటలకు మంచు నింపి, మందుసీసాలనుంచి, మోటారుసైకిలు వెనుక కట్టుకొని బయలుదేఱితిని. దారిలో రెండు ఊళ్లలో పనులు చూచుకొంటిని. పెట్టె ఎండలోనే యుండెను. మధ్యాహ్నము గ్రామము చేరి మూత తీసి చూతును గదా, గడ్డ లేదు. నీరు మాత్రమే యున్నది. ఆ నీరును గోరువెచ్చగా నుండెను.

జనులు కోళ్లను గంపలక్రింద మూసి ఉదయమునుండి కాచుకొనియున్నారు. "మందు చెడినది, మఱియొక దినము రండు" అని చెప్పుటకు నాకు నోరు రాలేదు. టీకాలు వేయించితిమి. కొన్ని వారములకు ఆ యూరికి తెగులు వచ్చెను. ఆ గ్రామమున 60కి పైగా కోళ్లు పెంచుకొని, వాటిమీద మనుమరాలి చదువు నడపుచున్న ఒక వృద్ధురాలు ఉండెను. ఆమె కోళ్లలో ఒక గంపక్రింద పట్టునన్ని మాత్రమే మిగిలెను. నేను చూడబోయినప్పుడు ఆమె నన్ను నిందింపలేదు. "మందు వేయించాం గదా నాయనా, మరి ఎందుకిట్లా అయింది?" అని మాత్రమడిగెను. ఆనాడు నేను ఆమెకు నిజము చెప్పలేకపోతిని. ఐసుపెట్టె సంగతి చిన్నదిగ తోచువారు ఈ ప్రశ్నను జ్ఞాపకముంచుకొందురుగాక.

పెట్టె చల్లదనము నీయదు

మొదట తెలిసికొనవలసినది, పెట్టె తానుగా చల్లదనమును పుట్టింపదు. బయటి వేడిని లోనికి పోనీయకుండుటయే దాని పని. నేను మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మా సైన్సు ఉపాధ్యాయులు ఒకనాడు రెండు మంచుముక్కలు తెప్పించిరి. ఒకదానిని పళ్లెములో ఊరక యుంచి, రెండవదానిని కంబళిలో చుట్టి, "ఏది ముందు కరగును?" అని అడిగిరి. కంబళి వెచ్చనిది గనుక అందులోనిదే ముందు కరగునని తరగతి యంతయు ఏకకంఠముగ పలికితిమి. గంట గడచిన పిదప చూడగా పళ్లెములో నీరును, కంబళిలో గడ్డయు ఉండెను. కంబళి వేడినిచ్చునది కాదు, వేడి రాకపోకలను అడ్డుకొనునది. చలికాలమున మన యొంటి వేడిని బయటికి పోనీయదు. ఎండకాలమున బయటి వేడిని మంచుకడకు రానీయదు. మంచి ఐసుపెట్టె యనగా మంచుగడ్డకు కప్పిన దళసరి కంబళి యని తలచుడు.

ఒక కిలో మంచు కరగుటకు 80 కిలోకేలరీల వేడి కావలెను. అంత వేడితో ఒక కిలో నీటిని 0 డిగ్రీలనుండి 80 డిగ్రీల వఱకు కాచవచ్చును. మంచుగడ్డకు ఇంతటి యోర్పు స్వభావముననే కలదు. మనము వేడిని తగ్గించి పంపినచో ఆ యోర్పు దినములకొలది నిలుచును. తలుపులు తెఱచి పంపినచో పూటతో సరి.

ఇది క్రొత్త విద్యయు కాదు. 1833వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను రేవునుండి ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు టస్కనీ అను ఓడమీద సుమారు 180 టన్నుల మంచును కలకత్తాకు పంపెను. ఓడ భూమధ్యరేఖను రెండుమాఱులు దాటి, నాలుగు నెలలు ప్రయాణము చేసి చేరునప్పటికి సుమారు 100 టన్నులు గడ్డగనే మిగిలియుండెను. అప్పటికి విద్యుచ్ఛక్తియు లేదు, శీతల యంత్రములును లేవు. ఆ వర్తకమునకు ఆధారమైనవి రంపపుపొట్టు వంటి పొడి వస్తువులును, దళసరి గోడలును, పెద్ద రాశియు మాత్రమే. చెన్నపట్టణపు సముద్రతీరమున ఆ మంచును నిలువచేయుటకై 1842లో కట్టిన ఐస్ హౌసు నేటికిని ఉన్నది. 1897లో స్వామి వివేకానందులు అందు బస చేసిరి. ఇప్పుడది వివేకానందర్ ఇల్లము. పొట్టుతో అంత పని జరిగినప్పుడు, నేటి సామగ్రితో రెండు దినములు మంచు నిలుపుకొనుట మనకు అసాధ్యము కాదు.

వేడి వచ్చు మూడు దారులు

వేడి పెట్టెలోనికి మూడు దారుల వచ్చును. మొదటిది గోడలు, అడుగు, మూతల గుండ. రెండవది మూతకును పెట్టెకును నడుమనున్న సందుల గుండ. మూడవది మనము మూత తీసినప్పుడు. మొదటి రెండును కొనునప్పుడు చూచుకొనవలసినవి. మూడవది మన చేతిలోనిది.

గోడ సంగతి ముందు చెప్పెదను. కదలని గాలి వేడికి మంచి అడ్డు. కదలు గాలి అడ్డు కాదు. నా నీలిరంగు పెట్టెకు రెండు పలుచని ప్లాస్టిక్ పొరలు, నడుమ ఖాళీ మాత్రమే యుండెను. ఆ ఖాళీలోని గాలి బయటి పొరకడ వేడెక్కి పైకి పోవుచు, లోపలి పొరకడ చల్లబడి క్రిందికి దిగుచు, వేడిని మోసికొనిపోవు కూలివానివలె పని చేసినది. నురుగు అట్లు కాదు. అది గాలిని లెక్కలేని చిన్న గదులలో బంధించి కదలనీయదు. థర్మాకోలునకు గాని, పఫ్ అని మనవారు పిలుచు పాలియురేథేను నురుగునకు గాని బలమిదియే. ఈ రెంటిలో పఫ్ మేలైనది. ఒకే మందము గల గోడలను పోల్చినచో, థర్మాకోలు గుండ వచ్చు వేడిలో సుమారు మూడింట రెండు వంతులకంటె కొంచెము హెచ్చుగ మాత్రమే పఫ్ గుండ వచ్చును.

లెక్క వేసి చూపినగాని రైతునకు నమ్మకము కుదురదు. లోపల 50 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 35 లోతు గల పెట్టెను తీసికొందము. ఇందు సుమారు 60 లీటర్లు పట్టును. ఆఱు ముఖముల వైశాల్యము రమారమి ఒక చదరపు మీటరు. వేసవిలో నీడపట్టున రాత్రింబవళ్ల సగటు వేడి 35 డిగ్రీలనుకొందము. అప్పుడు గోడల గుండ వచ్చు వేడికి మాత్రమే ఒక దినమున కరగు మంచు ఇట్లుండును: థర్మాకోలు గోడ 2.5 సెంటీమీటర్ల మందమైనచో సుమారు 12.5 కిలోలు, అదే థర్మాకోలు 5 సెంటీమీటర్లైనచో సుమారు 6.25 కిలోలు, పఫ్ 5 సెంటీమీటర్లైనచో సుమారు 4.5 కిలోలు. మందము రెండింతలైన కరగుట సగమగును. రంగు, పిడి, పేరు ఈ లెక్కలో ఎక్కడను రాలేదని గమనింపుడు.

ఎంత పెట్టె కావలెను?

పెట్టె కొలతలన్నియు రెండింతలు చేసినచో వైశాల్యము నాలుగింతలగును. పట్టు సరకు ఎనిమిదింతలగును. వేడి వచ్చునది వైశాల్యము గుండ, దానిని ఓర్చుకొనునది లోని మంచు. కావున నిండుగ నున్న పెద్దపెట్టె నిండుగ నున్న చిన్నపెట్టెకంటె చాలకాలము మంచు నిలుపును. అయితే పెద్దపెట్టె కొని అందులో మూల కొంచెము మంచు వేసినచో ఫలము తలక్రిందగును. వైశాల్యము పెద్దది, ఓర్చుకొను మంచు చిన్నది. కనుక మీ సరకునకు సరిపడు పెట్టెనే కొనుడు. సంవత్సరమునకు ఒకసారి వచ్చు పెండ్లికై పెద్దపెట్టె కొని, తక్కిన దినములు దానిని మూలనుంచుట దండుగ.

చేపకు ఎంత మంచు కావలెనో చూతము. 32 డిగ్రీల వేడి గల 20 కిలోల చేపను 0 డిగ్రీలకు చల్లార్చుటకే సుమారు 6.7 కిలోల మంచు కరగును. పైని చెప్పిన పలుచని థర్మాకోలు పెట్టెలో ఒక దినము నిలుపుటకు మఱి 12.5 కిలోలు కావలెను. రెండును కలిసి 19 కిలోలు దాటినవి. కిలో చేపకు కిలో మంచు అని మన కొల్లేటి ప్రాంతమువారును, భీమవరమువారును పాటించు వాడుక ఊరక పుట్టినది కాదు. అదే 5 సెంటీమీటర్ల పఫ్ పెట్టెయైనచో దినమునకు 11 కిలోలు దాటి కొంచెము కావలెను. అనగా ప్రతి దినమును 8 కిలోల మంచు మిగులును. మీ యూరిలో కిలో మంచు ధరను 8చే గుణించి, సంవత్సరమునకు మీరు సరకు పంపు దినములచే మఱల గుణించి చూడుడు. మంచి పెట్టెకు పెట్టు అధిక ధర ఎన్ని నెలలలో తిరిగి వచ్చునో తెలియును. సంవత్సరమున పది దినములు మాత్రమే పంపువానికి దళసరి థర్మాకోలు పెట్టెయే చాలును. అప్పుచేసి పఫ్ పెట్టె కొననక్కఱలేదు. వారమునకు మూడుమాఱులు పంపువాడు థర్మాకోలును నమ్ముకొనుట లాభము కాదు. అది విఱుగును, మూలలు రాలును, నాని నీరు పట్టును.

దుకాణములో చూడవలసినవి

1. వెంట కొలబద్ద తీసికొనిపొండు. పెట్టె బయటి వెడల్పునుండి లోపలి వెడల్పు తీసివేసి, మిగిలినదానిని సగము చేయుడు. అదియే గోడ మందము. బయటి ఎత్తును లోపలి లోతును కొలిచి చూచినచో అడుగు, మూతల మందము తెలియును. పై విశాలతను చూచి మోసపోకుడు.

2. గోడలను, మూతను వ్రేలి గణుపుతో తట్టి చూడుడు. నురుగు నిండినచోట మొద్దుగా పలుకును. ఖాళీయైన చోట డప్పువలె మ్రోగును. గోడలలో నురుగు నింపి మూతను ఖాళీగ విడిచిన పెట్టెలు పలు కలవు. మూత తేలికగ నున్నచో అనుమానింపుడు.

3. మూత అంచున రబ్బరు పట్టీ యుండవలెను. సన్నని కాగితపు ముక్కను అంచుమీద పెట్టి మూత మూసి లాగుడు. బిగువుగ వచ్చిన మంచిదే; జాఱి వచ్చినచో అక్కడ సందు ఉన్నది. నాలుగు ప్రక్కల నిట్లే చూడుడు. వీలైన చీకటిగదిలో టార్చిలైటు వెలిగించి లోపలనుంచి, మూత మూసి చుట్టును చూడుడు. వెలుతురు వచ్చుచోట వేడియు పోవును.

4. గొళ్లెము మూతను క్రిందికి బిగించి పట్టవలెను; ఊరక తగిలించుకొనునది చాలదు. కీళ్లు, పిడులు గట్టివి కావలెను. 60 లీటర్ల పెట్టె చేపయు మంచును నిండినప్పుడు ఇద్దఱు మనుష్యులు మోయవలసిన బరువగును. పిడి ఊడినచో పెట్టెయు పోవును, కాలును పోవును.

5. అడుగున నీరు పోవు రంధ్రమును, దానికి బిగువైన బిరడాయు ఉండవలెను. చేపకు ఇది ముఖ్యము.

6. లోపలి పొర నునుపుగ, పగుళ్లు లేక, మూలలు గుండ్రముగ నుండినచో కడుగుట సులభము. పగిలిన పొరగుండ నీరు నురుగులోనికి పోయినచో దాని గుణము చెడును, వాసనయు పట్టును.

7. తెల్లని పెట్టె ఎండను తిరుగగొట్టును. ముదురురంగు పెట్టె మ్రింగును.

8. మూత పైననుండు పెట్టెయే మేలు. చల్లని గాలి బరువైనది గనుక పైమూత తీసినప్పుడు చాలభాగము లోననే నిలుచును. ప్రక్కతలుపు తీసినచో అది నీటివలె క్రిందికి జాఱి బయటికి పోవును.

"ఐదు దినములు మంచు నిలుచును" అను మాటను విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఎంత వేడిలో? ఎంత మంచు నింపి? మూత ఎన్నిమాఱులు తీసి? చల్లని గదిలో, నిండుగ మంచు నింపి, మూత తీయకుండ చేసిన పరీక్ష వేఱు. రెంటచింతలలోనో, రామగుండములోనో 45 డిగ్రీలు దాటిన ఎండలో మన బండిమీద జరుగు పరీక్ష వేఱు.

నీరు కొలిచి చేయు పరీక్ష

మాటలన్నిటికంటె మేలైన పరీక్ష యొకటి కలదు. దానికి యంత్రమక్కఱలేదు, లీటరు కొలపాత్ర చాలును. ముందునాటి రాత్రి పెట్టెలో కొంచెము మంచు వేసి మూసియుంచుడు. ఉదయమున దానిని తీసివేసి, లోపల తుడిచి, క్రొత్తగ తూచిన మంచును పెట్టెలో సగమునకు తక్కువ కాకుండ వేయుడు. మూత బిగించి నీడలోనుంచి, ఒక దినము తాకకుండుడు. మఱునాడు అదే వేళకు బిరడా తీసి వచ్చిన నీటిని కొలువుడు. ఎన్ని లీటర్ల నీరు వచ్చినదో అన్ని కిలోల మంచు కరగినది. రెండు పెట్టెలను పోల్చవలెనన్నచో అవి ఒకే పరిమాణము గలవై యుండవలెను. ఒకే దినమున, ఒకేచోట, సమానమైన మంచు వేసి పోల్చవలెను. మంచు అంతయు కరగిపోయినచో పరీక్ష పనికిరాదు; హెచ్చు మంచుతో మఱల చేయవలెను.

నేను ఈ పరీక్షను సంఘపు గిడ్డంగిలో మూడు పెట్టెలతో చేసి చూచితిని. నా నీలిరంగు పెట్టెలో సాయంకాలమునకే గడ్డలు కరగి నీటిపై తేలుచుండెను. థర్మాకోలు పెట్టె మఱునాటి ఉదయమునకు సగము నిలిపెను. పఫ్ పెట్టెలో గడ్డలు అంచులు మాత్రము అరగి, వేసినవి వేసినట్లే యుండెను. ఆ యుదయము ఆ నీలిరంగు పెట్టెను చూచి నేను సిగ్గుపడితిని. కొనకముందు ఒక దినము పరీక్షించినచో తెలియవలసిన సంగతిని ఒక పేదరాలి కోళ్లు పోయిన పిదప తెలిసికొంటిని.

కొన్న పిదప పాటింపవలసినవి

మంచి పెట్టెయైనను చెడుగ వాడినచో చెడ్డపెట్టెతో సమానము. ఎండలో కాగిన పెట్టెలో మంచు వేసినచో మొదట ఆ పెట్టెను చల్లార్చుటకే కొంత మంచు ఖర్చగును. కావున ముందునాటి రాత్రియే దానిని చల్లబఱచుడు. లోపల ఖాళీ విడువకుడు. మిగిలిన చోటును మంచుతోగాని, నీరు నింపి గడ్డకట్టించిన సీసాలతోగాని నింపుడు. సీసాలో పదింట తొమ్మిది వంతులే నీరు పోయవలెను. గడ్డకట్టునప్పుడు నీరు పెరిగి సీసాను పగులగొట్టును.

గడ్డ పెద్దదైన కొలది నెమ్మదిగ కరగును. పొడి త్వరగ చల్లార్చును. నిలువకు పెద్దగడ్డ, చేపకు నలుగగొట్టిన మంచు తగును. చేపను పేర్చునప్పుడు అడుగున మంచు, దానిపై చేప, మఱల మంచు, ఇట్లు వరుసలుగ వేసి పైన దళసరిగ మంచు కప్పవలెను. కరగిన నీటిని ఎప్పటికప్పుడు విడువవలెను. మురికినీటిలో నానిన చేప త్వరగ చెడును. పానీయముల పెట్టెలో అట్లు కాదు. ఆ నీరును చల్లనిదే, సీసాల చుట్టు నిండి వాటిని చల్లబఱచును గనుక ఉంచవచ్చును. చేపల పెట్టెను మజ్జిగకు వాడరాదు. చేపలకై అమ్ము మంచును త్రాగువానిలో వేయరాదు.

ఉప్పు చల్లిన మంచు మిక్కిలి చల్లనగునని కొందఱు అన్ని పెట్టెలలోను ఉప్పు వేయుదురు. కుల్ఫీ చేయువారికి అది పనికివచ్చును. కాని ఉప్పు తగిలిన మంచు త్వరగ కరగును. మంచు నిలుపుకొనవలెనన్నవాడు ఉప్పు వేయరాదు.

పెట్టెను నీడనుంచుడు. బండిమీద పోవునప్పుడు తెల్లగుడ్డ కప్పుడు. తడిగోనె కప్పుట రాయలసీమ, తెలంగాణములవంటి పొడిగాలి ప్రదేశములందు చక్కగ పనిచేయును. తీరప్రాంతపు ఉక్కలో తడి త్వరగ ఆఱదు గనుక లాభము తక్కువ. మూత తీయుటకు ముందే కావలసినదేదో నిశ్చయించుకొనుడు. తీసి యోచించుట, యోచించుచు మాటలాడుట, ఇవి మంచునకు శత్రువులు.

పెట్టె కొనలేనివారు ఇంటనే చేసికొనవచ్చును. పెద్ద వెదురుగంపలో చిన్నదాని నుంచి, అడుగునను చుట్టును జానెడు మందము ఎండిన ఊకగాని రంపపుపొట్టుగాని కూరి, లోపల దళసరి ప్లాస్టిక్ కాగితము పఱచి, పైన ఊక నింపిన గోనె దిండును మూతగ వేయవలెను. ఊక పఫ్ అంతటి గుణము గలది కాదు. కాని మందముతో ఆ కొఱత కొంత తీరును. ఒక్కటే నియమము: ఊక తడియరాదు. తడిసిన ఊక వేడిని అడ్డుకొనదు. అప్పుడప్పుడు తీసి ఎండబోయవలెను.

టీకామందుల విషయము

టీకామందులను 2 డిగ్రీలకును 8 డిగ్రీలకును నడుమ ఉంచవలెను. కోళ్లకు వేయు కొక్కెర తెగులు టీకాలో జీవమున్న సూక్ష్మక్రిములు ఉండును; వేడి తగిలిన అవి చచ్చును, మందు వట్టి నీరగును. చూచుటకు మాత్రము ఏ మార్పును కనబడదు. గాలికుంటు, గొంతువాపు టీకాలకు దీనికి తోడు మఱియొక ప్రమాదము కలదు. అవి గడ్డకట్టినను చెడును. కావున సీసాలను మంచుమీద నేరుగ పెట్టరాదు. గడ్డకట్టిన సీసాలను, మంచుపొట్లములను కొంతసేపు బయటనుంచి, ఊపినప్పుడు లోపల నీరు కదలిన చప్పుడు వినబడిన పిమ్మటనే పెట్టెలో పెట్టవలెను. మందును అట్టపెట్టెలో చుట్టి నడుమనుంచవలెను. ఒక చిన్న ఉష్ణమాపకమును లోపలనుంచుట అగ్గువయైన భీమా. ద్రావకములో కలిపిన మందును ఆలస్యము చేయక వేయించి, మిగిలినదానిని పాఱవేయవలెను. చేరునప్పటికి పెట్టె వెచ్చబడియున్నచో ఎంతమంది కాచుకొనియున్నను టీకా వేయింపరాదు. ఆ పూట పడు మాట తెగులు వచ్చిన పిదప పడు బాధకంటె చిన్నది.

సంఘమునకు ఒక విన్నపము

ప్రతి యింటను మంచి పఫ్ పెట్టె యుండనక్కఱలేదు. వచ్చు సమావేశమున సంఘము తరఫున రెండు పెట్టెలు, చేపకొకటి, మందులకొకటి, వేఱువేఱుగ కొనుటను గుఱించి సభ్యులు ఆలోచింతురుగాక. కొనకముందు నీరు కొలుచు పరీక్షను అందఱి యెదుట చేయుదము. దుకాణదారుడు ఒక దినము పరీక్షకు ఈయనిచో ఆ పెట్టె మనకక్కఱలేదు.

ఆ వృద్ధురాలికి మఱుసటి వేసవిలో నేను వెళ్లి జరిగినదంతయు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట "అప్పుడే చెప్పి వుంటే ఇంకో రోజు కాచుకొని ఉందుం గదా నాయనా" అనెను. అంతకుమించి ఏమియు అనలేదు. ఆమె ఇప్పుడు మఱల కోళ్లు పెంచుచున్నది. టీకా దినమున మేము వెళ్లినప్పుడు కోళ్లను పట్టనీయకముందు ఆమె పెట్టెకడకు వచ్చి, "మూత తియ్యి నాయనా, ఐసు చూస్తాను" అనును. మూత ఊరక తీయరాదని ఊరూర చెప్పు నేను, ఆమె యెదుట మాత్రము మాఱుమాటాడక తీసి చూపుచున్నాను.